పొట్టేళ్లను బెదరగొట్టకుండా వీర్యం తీయించండి

గజపతి జిల్లా (ఒడిశా) ముఖ్య పశువైద్యాధికారి గారికి,

నమస్కారం. పర్లాకిమిడి చుట్టుపక్కల గొర్రెలు మేపుకునే తెలుగు కుటుంబాల తరఫున రాస్తున్నాను. మన గంజాం గొర్రె దేశంలో గుర్తింపు పొందిన జాతి. మేలైన పొట్టేళ్ల వీర్యంతో దాన్ని నిలబెట్టాలన్న ఆలోచన మాకూ ఇష్టమే. మా బాధల్లా సేకరించే తీరు గురించే.

ఈమధ్య ఒకచోట చూశాను. పొట్టేలును కొమ్ములు పట్టి మందలోంచి ఈడ్చుకొచ్చి, పడుకోబెట్టి, వీర్యం రప్పించడానికి కరెంటు పరికరం పెట్టారు. కాళ్లు బిగుసుకుపోయాయి, నాలుక బయటపెట్టి రొప్పింది. వదిలాక మూలన నిలబడిపోయింది, మేత ముట్టలేదు.

ఆ పద్ధతి తప్పనిసరైతే నొప్పి తెలియకుండా మందు ఇచ్చాకే వాడించండి. అసలు చాలా పొట్టేళ్లకు అది అక్కర్లేదు. ఎదకొచ్చిన గొర్రెను ముందు నిలిపి, వెచ్చటి నీళ్లు నింపిన కృత్రిమ యోనితో సేకరించడానికి ఓపిగ్గా అలవాటు చేయొచ్చు. రోజూ మేత వేసే మనిషే పట్టుకోవాలి. ఇంకో పొట్టేలు కళ్లెదుట ఉండాలి, మందకు దూరమైతే గొర్రె కుదురుగా ఉండదు.

ఎండ సంగతి మరీ ముఖ్యం. వీర్యకణాలు తయారవడానికి సుమారు 7 వారాలు పడుతుంది. మే నెల వేడికి దెబ్బతిన్న పొట్టేలు వాతావరణం చల్లబడగానే తేరుకోదు. వీర్యం బాగాలేదని అప్పుడే కోతకు అమ్మేయమనడం అన్యాయం.

ఈసారి వీర్యం సేకరించే శిబిరం పొద్దున్నే, నీడలో పెట్టించండి. సిబ్బందికీ కాపర్లకూ కలిపి శిక్షణ ఇప్పించండి, ఒడియాతో పాటు తెలుగులోనూ. పొట్టేళ్లను మచ్చిక చేసే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
పర్లాకిమిడి ప్రాంత గొర్రెల కాపరి