ఫ్లాపీల రికవరీలో జరిగిన నష్టంపై ఫిర్యాదు

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,

విషయం: రికవరీ పేరుతో అసలు ఫ్లాపీల్లో ఉన్నదాన్నే మార్చేయడం, పని సగంలో ఉండగానే ‘పూర్తయింది’ అని రిపోర్టు ఇవ్వడం.

అయ్యా,

మా నాన్నగారు 1997 నుంచి 2001 వరకు, పుస్తకాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 6.5 ప్రోగ్రామ్‌లో కూర్చుకున్న వృత్తిపదాల నిఘంటువు 24 ఫ్లాపీల్లో ఉంది. అచ్చుకు ఇవ్వకముందే ఆయన పోయారు. కాగితం ప్రతి లేదు. ఆ ఫ్లాపీలు మీకు అప్పగించిన ఆరు వారాలకు, అంటే పోయిన వారం, పార్సిల్ తిరిగొచ్చింది. 17 ఫ్లాపీలు రికవరీ అయ్యాయని, 6 చదవడానికి వీల్లేదని, ఒకటి ‘అవసరం లేనిది’ అని మీ రిపోర్టులో రాశారు.

ముందు ఆ పదిహేడింటి సంగతి. నేను పంపేటప్పుడు ప్రతి ఫ్లాపీకీ మూలనున్న రైట్ ప్రొటెక్ట్ ట్యాబ్‌ను జరిపి, కన్నం తెరిచే పంపాను. అది తెరిచి ఉంటే ఫ్లాపీ మీద ఏదీ రాయడానికి కుదరదు. ఫొటోలు తీసిపెట్టుకున్నాను, వాటిని ఈ లేఖతో జతచేస్తున్నాను. తిరిగొచ్చిన వాటిలో తొమ్మిదింటికి ఆ కన్నం మూసి ఉంది. అంటే మీవాళ్లు చదవడంతో ఆగకుండా రాయడానికి కూడా సిద్ధపడ్డారన్నమాట. కన్నం మళ్లీ తెరిచి పదకొండో ఫ్లాపీని చూస్తే అందులో ‘ఫౌండ్.000’ అనే ఫోల్డర్ కనబడింది. దాని తేదీ, ఫ్లాపీ మీ దగ్గరున్న వారంలోది. ఆ ఫోల్డర్‌ను సృష్టించేది, డిస్కులో తప్పులు సరిచేసే విండోస్ ప్రోగ్రామ్ చెక్‌డిస్క్. మా నాన్నగారి అసలు ఫ్లాపీ మీద మీరు రిపేరు నడిపారు.

చెక్‌డిస్క్ చూసుకునేది డిస్కు లెక్క కుదరడమే. ఫైలు బతికిందా లేదా అన్నది దానికి పట్టదు. ఏ ఫైలు ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పే ఫ్యాట్ పట్టిక ఫ్లాపీలో రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి చెడితే రెండోదాన్ని పట్టుకుని గొలుసు కలపొచ్చు. ఇప్పుడు ఆ ఫ్లాపీలో రెండు ప్రతులూ అచ్చంగా ఒకేలా ఉన్నాయి, కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. తెగిన ముక్కలకు పేర్లు పోయాయి, ‘ఫైల్0000.సీహెచ్‌కే’ లాంటి నంబర్లు మిగిలాయి.

మొదట చేయాల్సింది నకలు తీయడం. 1.44 ఎంబీ ఫ్లాపీలో 2,880 సెక్టార్లు (డేటా దాచే చిన్న గడులు), ఒక్కో సెక్టార్‌కు 512 బైట్లు, మొత్తం 14,74,560 బైట్లు. ఆ మొత్తాన్ని ఇమేజ్‌గా, అంటే బైటు బైటుకూ నకలుగా ఒక ఫైల్లోకి తీసుకుని, తర్వాత ఆ ఇమేజ్ మీద మీరు ఎన్ని తంటాలు పడినా అసలుకు నష్టం లేదు. ఏ సెక్టార్‌ను చదవలేకపోయిందో పూసగుచ్చినట్టు రాసిపెట్టే డీడీరెస్క్యూ లాంటి ప్రోగ్రామ్‌లు ఉచితంగానే దొరుకుతాయి. 1985లో అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ అమీగా కంప్యూటర్ మీద వేసిన బొమ్మలను 2014లో బయటికి తీసింది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ క్లబ్ వాళ్లు. వాళ్లు కూడా ముందు ఫ్లాపీలను నకలు తీసుకుని, తెలియని ఫార్మాట్‌లో ఉన్న ఫైళ్ల సంగతి ఆ తర్వాత తేల్చుకున్నారు. కాలేజీ క్లబ్‌కు తెలిసిన వరస, రుసుము తీసుకునే సంస్థకు తెలియదా?

‘చదవడానికి వీల్లేదు’ అన్న ఆరు ఫ్లాపీల గురించి ఒక్క మాట. నాన్నగారి పాత కంప్యూటర్ నుంచి విప్పిన ఫ్లాపీ డ్రైవ్‌ను కూడా పార్సిల్‌లో పెట్టాను. డ్రైవ్‌లో ఫ్లాపీని చదివే, రాసే హెడ్ కాస్త పక్కకు జరిగి ఉంటే, అది రాసిన ఫ్లాపీ వేరే డ్రైవ్‌లో చదవకపోయినా దాంట్లో చదవొచ్చు. చీటీ మీద ఆ సంగతి రాశాను కూడా. నేను వేసిన టేపు ఊడకుండానే ఆ డ్రైవ్ తిరిగొచ్చింది.

ఇక అసలు బాధ. ‘అవసరం లేనిది’ అని మీరు పక్కన పెట్టిన ఫ్లాపీ మీద నాన్నగారి చేతిరాతలో ‘అక్షరాలు – ముందు ఇది’ అని ఉంది. అందులో ఉన్నది ఆయన వాడిన తెలుగు ఫాంట్. మీ రిపోర్టులో దాన్ని సిస్టమ్ ఫైళ్లు అన్నారు.

అప్పట్లో ఆయన టైపు చేసింది యూనికోడ్‌లో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉండే ఇప్పటి పద్ధతిలో కాదు. ఆయన వాడిన ఫాంటు ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లోనే తెలుగు ముక్కలు కూర్చేది: తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, ఒత్తు ఇంకోచోట. ఆ ఫాంటు లేకుండా తెరిస్తే కనిపించేది అర్థం లేని ఇంగ్లిషే. మీరు నాకిచ్చిన పీడీఎఫ్‌లలో ఉన్నది అదే. నేను ఫోన్ చేస్తే మీ ఇంజినీరు, ‘సార్, ఆ ఫైల్స్ మీ దగ్గరే కరప్ట్ అయి వచ్చాయి’ అన్నారు. కరప్ట్ కాలేదండీ, వాటిని చూడాల్సిన కళ్లద్దాలను మీరు పక్కన పెట్టారు.

పైగా మీ కన్వర్టర్‌కు అర్థంకాని గుర్తులన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోయాయి. ఐదారు వేరువేరు ఒత్తులు ఒకే ప్రశ్నార్థకమయ్యాక, రేపు ఫాంటు పెట్టి చూసినా ఆ పీడీఎఫ్‌ల నుంచి ఏ పదం ఏదో ఎవరు చెప్పగలరు? పేజ్‌మేకర్ అసలు ఫైళ్లు అడిగితే ‘అవి కస్టమర్‌కు ఉపయోగపడవు’ అన్నారు. ఏది ఉపయోగపడుతుందో నన్ను అడిగి ఉండాల్సింది.

కాబట్టి రికవరీ అయ్యాయన్న 17 ఫ్లాపీల నుంచి మీరు కాపీ చేసుకున్న పేజ్‌మేకర్ ఫైళ్లను ఒక్క బైటు కూడా మార్చకుండా ఇవ్వండి. ఎక్కడైనా మొత్తం ఫ్లాపీ ఇమేజ్ తీసి ఉంటే అదీ, దాని సెక్టార్ లాగ్‌తో సహా. ఏ రోజు, ఏ ఫ్లాపీ మీద, ఏ ప్రోగ్రామ్ నడిపారో రాతపూర్వకంగా చెప్పండి. తొమ్మిది ట్యాబ్‌లు ఎవరు మూశారో, ఎందుకు మూశారో తెలియాలి. మిగిలిన ఆరు ఫ్లాపీలను మీకు మళ్లీ పంపను, వాటిని వేరే చోట చూపించుకుంటాను. ఆ ఖర్చు మీరు భరించాలి. నా దగ్గర తీసుకున్న రుసుము మొత్తం వాపసు ఇవ్వాలి.

నా వివరాలన్నీ తీసేసి నిల్వ ఖాళీ చేస్తామని రిపోర్టు చివర రాశారు. ఈ ఫిర్యాదు తేలేదాకా దయచేసి ఏదీ చెరపకండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. పదకొండో ఫ్లాపీని అందుకోసమే ఇంకెవరూ తాకకుండా కవరులో పెట్టి ఉంచాను.

ఇట్లు,
మీ కస్టమర్