నాలుగో ఏడు కూడా విమానం ఎగిరేలా చూడండి

సంపాదకులకు నమస్కారం.

2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వరసగా రద్దయి శంషాబాద్‌లో ప్రయాణికులు పడిన అగచాట్లు ఎవరూ మరిచిపోయి ఉండరు. మాల వేసుకుని శబరిమలకు బయలుదేరిన అయ్యప్ప భక్తులు విమానాశ్రయంలోనే నిరసనకు దిగవలసి వచ్చింది. ఒక్క సంస్థ తడబడితే దేశమంతా ఎక్కడికక్కడ ఆగిపోతుందని అప్పుడు గానీ ఢిల్లీకి తెలిసిరాలేదు. శంఖ్ ఎయిర్, అల్ హింద్ ఎయిర్, ఫ్లై ఎక్స్‌ప్రెస్ అనే మూడు కొత్త సంస్థలు నిరభ్యంతర పత్రాలు పొందాయని పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు ఆ నెలలోనే ప్రకటించారు. వీటిలో ఫ్లై ఎక్స్‌ప్రెస్ మన హైదరాబాద్ సంస్థ. చిన్న నగరాలకు ఇక విమానయోగం పట్టినట్లేనన్న ధోరణిలో ఆ వార్త మీ పత్రికలో వచ్చింది. వార్త వచ్చి చాలా రోజులైనా, ఇందులో చెప్పకుండా వదిలేసిన సంగతులు ఉన్నందున ఈ లేఖ రాస్తున్నాను.

నిరభ్యంతర పత్రం విమానం నడపడానికి అనుమతి కాదు. దాని తరువాత సంస్థ విమానాలు లీజుకు తెచ్చుకోవాలి, పైలట్లను, ఇంజినీర్లను నియమించుకోవాలి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఎదుట పరీక్షా ప్రయాణాలు చేసి చూపి ఎయిర్ ఆపరేటర్ సర్టిఫికెట్ సంపాదించాలి. నిరభ్యంతర పత్రం చేతికందాక కూడా టికెట్ అమ్మకం దాకా రాలేకపోయిన సంస్థలు దేశంలో ఉన్నాయి. ఈ తేడాను మంత్రిత్వ శాఖ స్పష్టంగా చెప్పదు, పత్రికలూ అడగవు. రేపో మాపో తమ ఊరికి విమానం వస్తుందని నమ్మి కూర్చునేది జనమే.

ప్రాంతీయ విమానం తెలుగువారికి కొత్త సంగతి కాదు. 1981లో ప్రభుత్వమే వాయుదూత్‌ను నెలకొల్పి చిన్న ఊళ్లకు చిన్న విమానాలు నడిపింది. నష్టాలు భరించలేక 1993లో దాన్ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేసింది. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్‌ను ప్రారంభించి సామాన్యుడికి విమానం ఎక్కే ధైర్యం ఇచ్చారు; అదీ కింగ్‌ఫిషర్ చేతిలోకి వెళ్లి దానితో పాటే కనుమరుగైంది. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరిలో ఆగిపోయింది. హైదరాబాద్ కేంద్రంగా 2015లో మొదలైన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. 2017 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి, చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడిపించే ఉడాన్ పథకం తొలి విమానాలకు పచ్చజెండా ఊపిన రోజు సిమ్లా-ఢిల్లీ విమానంతో పాటు కడప-హైదరాబాద్, నాందేడ్-హైదరాబాద్ విమానాలు కూడా బయలుదేరాయి. దేశం మొత్తానికి ఆ పథకానికి తొలి ఉదాహరణలుగా నిలిచిన ఈ రెండు మార్గాలను నడిపింది ట్రూజెట్టే. అయిదేళ్లు నిండకముందే ఆ సంస్థ లేకుండా పోయింది. ఆ రోజు వేదిక మీద ఉన్న పెద్దలలో ఎవరైనా, అది ఎందుకు మూతపడిందో వివరిస్తూ ప్రజలకు ఒక ప్రకటన ఇచ్చినట్లు నేనైతే చూడలేదు.

ఈ వైఫల్యం ఒకటి రెండు సంస్థలది మాత్రమే కాదని 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చిన, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదిక చెబుతోంది. ఉడాన్ మూడో విడత వరకు కేటాయించిన మార్గాలు 774. వాటిలో 403 మార్గాల్లో విమానమే మొదలు కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల రాయితీ గడువును పూర్తి చేసుకున్నవి 112. గడువు ముగిశాక కూడా 2023 మార్చి నాటికి నిలదొక్కుకున్నవి 54 మాత్రమే. అంటే కేటాయించిన ప్రతి నూరు మార్గాల్లో మిగిలినవి ఏడు. ఇంత స్పష్టమైన లెక్క చేతిలో ఉండగా, 2025-26 బడ్జెట్‌లో పదేళ్లలో మరో 120 గమ్యస్థానాలు, 4 కోట్ల మంది అదనపు ప్రయాణికులు అని లక్ష్యం పెట్టారు. లక్ష్యాన్ని నేను తప్పు పట్టడం లేదు. గతంలో పోయిన మార్గాలు ఎందుకు పోయాయో మార్గం వారీగా జనానికి చెప్పి, ఆ తరువాత కొత్త లక్ష్యం చెబితే బాగుండేది.

కారణాలు తెలియనివేమీ కావు. డెబ్బై మంది పట్టే ఏటీఆర్ విమానంలో గంట ప్రయాణానికి సగం సీట్లను 2,500 రూపాయల పరిమితిలో అమ్మాలన్నది ఉడాన్ మొదలైనప్పటి నిబంధన. దానివల్ల సంస్థకు వచ్చే లోటును వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ పేరుతో కేంద్రం 80 శాతం, రాష్ట్రం 20 శాతం చొప్పున భర్తీ చేస్తాయి. పోటీ లేకుండా ఆ మార్గంలో ఒక్కరే నడుపుకొనే హక్కు కూడా ఇస్తారు. ఈ రెండూ మూడేళ్లకే. నాలుగో ఏడు వచ్చేసరికి డబ్బూ ఆగుతుంది, రక్షణా పోతుంది. ఆ మార్గంలో అప్పటికి జనం అలవాటు పడి ఉంటే వందల విమానాలున్న పెద్ద సంస్థ వచ్చి ధర తగ్గించి తన్నుకుపోతుంది. అలవాటు పడకపోతే చిన్న సంస్థ నష్టంలో మునుగుతుంది. పైగా విమానం లీజు డాలర్లలో కట్టాలి, టికెట్ మాత్రం రూపాయల్లో అమ్మాలి. ఉన్నవే రెండు మూడు విమానాలు కనుక, వాటిలో ఒకటి విడిభాగం కోసం నేల మీద నిలిచిపోతే ఆ సాయంత్రం ఒక ఊరు, మర్నాడు ఉదయం మరో ఊరు ప్రయాణం రద్దవుతాయి. మహానగర విమానాశ్రయాల్లో ఉదయం, సాయంత్రం స్లాట్లు, అంటే విమానం దిగడానికీ ఎగరడానికీ కేటాయించే వేళలు, ఎప్పటి నుంచో ఉన్న సంస్థల చేతిలో ఉంటాయి కాబట్టి కొత్తవాడికి మిట్టమధ్యాహ్నం దొరుకుతుంది. పొద్దున వచ్చి పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరాలనుకునే వ్యాపారికీ, రోగికీ ఆ వేళ ఎందుకూ పనికిరాదు.

కడప విమానం నడుస్తున్న రోజుల్లో నేనూ ఎక్కాను. శంషాబాద్‌లో బస్సెక్కించి దూరంగా నిలిపి ఉంచిన విమానం దగ్గర దింపేవారు. తలుపుకే అమర్చిన ఇరుకు మెట్లు. నా పక్క సీటులో ప్రొద్దుటూరు నుంచి వచ్చి తిరిగి వెళ్తున్న ఒక పెద్దాయన ఎంఆర్‌ఐ ఫిల్ముల కవరును పైన అరలో పెడితే నలిగిపోతుందని దారి పొడవునా ఒళ్లోనే నిలబెట్టి పట్టుకున్నారు. రాత్రంతా బస్సులో నడుము వంచి కూర్చోలేకనే కొడుకు విమానం టికెట్ కొన్నాడని చెప్పారు. ప్రాంతీయ విమానం ఎవరికి కావాలని అడిగే అధికారులకు ఇంతకన్నా వేరే జవాబు అక్కరలేదు. ఆ తరువాత కొన్నాళ్లకు మరో సంస్థ విమానంలో వేరే చిన్న నగరానికి టికెట్ కొన్నాను. బయలుదేరవలసిన ముందు రోజు రాత్రి రద్దయినట్లు సందేశం వచ్చింది. డబ్బు వాపసు కోసం మెయిళ్లు పెట్టీ పెట్టీ విసిగి వదిలేశాను. నా సంగతి సరే, ఆపరేషన్ తేదీ ఖరారు చేసుకున్న మనిషికి ఆ సందేశం వస్తే ఏం చేయాలి?

రైల్వేలో పని చేసినవాణ్ని కనుక ఒక మాట గట్టిగా చెప్పగలను. బండి ఆలస్యమైతే జనం తిట్టుకుంటూనైనా ఎక్కుతారు. ఉంటుందో ఉండదో తెలియని బండిని మాత్రం నమ్మరు. కాచిగూడ నుంచి కడప మీదుగా వెళ్లే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు దొరకడం కష్టమంటే, అది రేపూ ఉంటుందని అందరికీ తెలుసు గనుకనే. కొత్త విమాన సంస్థలకు మొదట కావలసింది ఆ నమ్మకం. ఆరు నెలలు తప్పకుండా నడిచే రెండు మార్గాలు, వారం వారం వేళలు మారే పది మార్గాల కన్నా మేలు.

ఇక ఏ ఊళ్లు అన్నది. వరంగల్ దగ్గర నిజాం కాలం నాటి మామునూరు విమానాశ్రయాన్ని తిరిగి తెరవడానికి 2025లో అనుమతి వచ్చింది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం ఉండరాదన్న ఒప్పంద నిబంధన ఇన్నేళ్లూ వరంగల్‌కు అడ్డుగోడగా నిలిచింది. అది తొలగడం సంతోషమే. అయితే వరంగల్ నుంచి హైదరాబాద్‌కు విమానం నడపాలని ఎవరైనా ఆలోచిస్తే అది డబ్బు తగలేయడమే అవుతుంది. రైలులో రెండు గంటల దూరానికి విమానాశ్రయంలో గంట ముందు వెళ్లి ఎవరు కూర్చుంటారు? వరంగల్‌కు కావలసింది తిరుపతి, విశాఖ, బెంగళూరు, ముంబై. ఆదిలాబాద్ సంగతి వేరు. రోడ్డు మీద 300 కిలోమీటర్లు, రైలైతే మహారాష్ట్రలోని ముద్‌ఖేడ్ దాకా వెళ్లి తిరిగి రావాలి. అక్కడ విమానానికి నిజమైన అవసరం ఉంది. టెర్మినల్ కట్టినంత మాత్రాన విమానం రాదనడానికి కర్నూలు చాలు: ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైతే, అక్కడి నుంచి సొంత రాష్ట్రంలోని విజయవాడకు విమానం 2025 జూలైలో గానీ రాలేదు. గోవా కేంద్రంగా 2024లో మొదలైన ఫ్లై91 ఏటీఆర్ విమానాలతో హైదరాబాద్‌ను సింధుదుర్గ్, జల్‌గావ్ వంటి ఊళ్లతో కలిపిందంటే, మార్గాన్ని చూసి ఎంచుకునే వారికి ఇప్పటికీ అవకాశం ఉన్నట్లే.

అందువల్ల రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాలనూ, కేంద్ర మంత్రి గారినీ నేను కోరేది ఇది. మూడేళ్లు పూర్తి సాయం చేసి ఒక్కసారిగా చేయి వదిలేసే పద్ధతి మాని, నాలుగు, అయిదు, ఆరో ఏళ్లలో సాయాన్ని క్రమంగా తగ్గించాలి. శంషాబాద్‌లో ఉదయం, సాయంత్రం కొన్ని స్లాట్లను చిన్న నగరాల విమానాలకే కేటాయించాలి. ప్రయాణికులు ముందుగా కట్టిన టికెట్ డబ్బును సంస్థ ఖర్చు పెట్టుకోకుండా, ప్రయాణం జరిగేదాకా విడి ఖాతాలో ఉంచే నిబంధన పెట్టాలి. సంస్థ మూతపడినా జనం సొమ్ము జనానికి తిరిగి వస్తుంది. ఏ మార్గంలో నెలకు ఎన్ని విమానాలు రద్దయ్యాయో, ఎంత రాయితీ చెల్లించారో తెలుగులో ప్రచురించాలి. రాష్ట్రం తన వాటా డబ్బు కట్టే ప్రతి ఒప్పందంలోనూ ఈ షరతులు ఉండాలి. ఫ్లై ఎక్స్‌ప్రెస్ గానీ మరొకటి గానీ తొలి టికెట్ అమ్మకముందే వీటిపై జవాబు చెప్పాలని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి,
మల్కాజిగిరి, హైదరాబాద్.