పోయాక కాదు, ప్రాణం ఉండగా చూడనివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

కరోనా ఎప్పుడో పోయింది కదా ఇప్పుడెందుకీ గోల అనుకోకండి, ఇంకో మహమ్మారి వచ్చి పడ్డాక వినే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి ఇప్పుడే అడుగుతున్నా. ఇక దక్కరని డాక్టర్లకే తెలిసిపోయిన పేషెంట్ దగ్గరికి ఇంట్లోవాళ్ళలో ఒక్కళ్ళని, పీపీఈ కిట్ వేసి, ఓ పావుగంట పంపాలని మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ జీవో ఇవ్వాలి.

2020 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ మృతదేహాల గురించి గైడ్‌లైన్స్ ఇచ్చింది. బ్యాగ్ జిప్పు ముఖం వరకు తీసి స్టాఫ్ చూపించొచ్చు, ముట్టుకోకుండా మంత్రాలు చదువుకోవచ్చు, తీర్థం చల్లొచ్చు అని అందులో శుభ్రంగా రాశారు. చాలాచోట్ల అదీ పాటించలేదు లెండి. కానీ పోయాక ముఖం చూడ్డానికైనా చేతిలో ఒక కాగితం ఉంది, ఊపిరి ఉండగా చూడాలంటే మాత్రం సెక్యూరిటీ వాళ్ళకి జాలి కలగాలి, లేదా వార్డు బాయ్ చెయ్యి తడపాలి.

మా పెద్దమ్మ 2021 మేలో హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ఆస్పత్రి ఐసీయూలో పోయింది. అన్నయ్య సెల్లార్లో కార్లోనే పడుకునేవాడు. ఏదైనా పంపాలంటే కవర్ మీద ప్లాస్టర్ ముక్క అతికించి పేరు, బెడ్ నంబర్ రాసి కింద కౌంటర్లో ఇవ్వాలి. కళ్ళజోడు, ఫోన్ చార్జర్, కొబ్బరినూనె సీసా పంపాం. ఆవిడ పోయాక సామాన్లని అదే కవర్ మా చేతికిచ్చారు, మేం వేసిన ముడి వేసినట్టే ఉంది. డల్లాస్‌లో ఉన్న అక్క ఫోన్ చేసిన ప్రతిసారీ స్విచాఫ్ ఎందుకొచ్చిందో అప్పుడర్థమైంది. నర్సుల్ని అనను, ఆ కిట్లలో చెమటలు కక్కుతూ ఒక్కో అమ్మాయి ఎన్ని బెడ్లు చూసిందో పాపం.

కానీ కిట్లు లేవంటే మాత్రం ఒప్పుకోను. 2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేట్‌లో ఐసీయూకి రోజుకి 7500, వెంటిలేటర్‌తో 9000 అని రేట్లు పెట్టినప్పుడే పీపీఈ కిట్లు అందులోకి రావని చెప్పింది, మా బిల్లులో కూడా రోజూ ఆ లైను వేరేగా పడింది. అన్నిటికి కట్టినవాళ్ళం ఇంకొక్క కిట్‌కి కట్టలేమా? అంటుకుంటుందంటారా, అన్నయ్యకి అదే ఇంట్లో అప్పటికే వచ్చి తగ్గిపోయింది.

వేరేచోట్ల ఆలోచించారు. లండన్‌లో 2020 మార్చి చివర్లో 13 ఏళ్ళ పిల్లాడు పక్కన అమ్మ కూడా లేకుండా పోతే ఆ దేశమంతా గొడవైంది, ఏప్రిల్‌లో వాళ్ళ ఆరోగ్య మంత్రి వీలైనచోటల్లా దగ్గరివాళ్ళకి చివరి చూపు దక్కాలని చెప్పాడు. మన సుప్రీంకోర్టు కూడా ఆ జూన్‌లోనే కొవిడ్ ఆస్పత్రుల్లో పేషెంట్ తాలూకు ఒకరిని ఉండనివ్వమంది, హెల్ప్ డెస్క్ పెట్టమంది, అయితే అది ఆవరణ వరకే, బెడ్ దాకా కాదు.

జీవోలో ఊరికే "వీలును బట్టి" అని రాసి వదిలేస్తే మళ్ళీ మొదటికే వస్తాం. పంపాలా వద్దా అన్నది డ్యూటీ డాక్టర్ చెప్పాలి, గేటు దగ్గర సెక్యూరిటీ కాదు. వద్దంటే ఎందుకో కేస్ షీట్‌లో రాసి సంతకం పెట్టాలి. ఇంట్లో అందరికీ పాజిటివ్ అయినా, పిల్లలు విదేశాల్లో ఉన్నా, ఆస్పత్రి తన ఫోన్ నుంచే వీడియో కాల్ చేసి చూపించాలి, పేషెంట్ ఫోన్లో చార్జింగ్ ఉందా లేదా అన్నదాంతో పని లేకుండా.

ఇట్లు
మీ పాఠకుడు, కూకట్‌పల్లి