కొనలేని కార్డుకూ లినక్స్‌లో చోటు ఉండాలి, గుర్తు కూడా ఉండాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్ల నుంచి డేటా సెంటర్లలోని సర్వర్ల దాకా నడిపిస్తున్న లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) అందరి ఉమ్మడి సొత్తు. అందులో ఎవరి డ్రైవర్లు (పరికరాలను నడిపించే కోడ్) ఏ హోదాతో చేరాలన్నది నిపుణులకే వదిలేయదగిన విషయం కాదని భావించి ఈ లేఖ రాస్తున్నాను.

2024లో మెటా సంస్థ తన డేటా సెంటర్ల కోసం తానే రూపొందించుకున్న నెట్‌వర్క్ కార్డుకు ఎఫ్‌బీఎన్‌ఐసీ అనే డ్రైవర్‌ను కెర్నల్‌కు సమర్పించింది. ఆ కార్డు బజారులో దొరకదు. ఎవరూ కొనలేని పరికరపు కోడ్‌ను అందరూ ఎందుకు మోయాలన్న అభ్యంతరం వచ్చింది; గట్టి చర్చ తర్వాత, ఆ సెప్టెంబరులో విడుదలైన 6.11 వెర్షన్‌లో దానికి చోటు దక్కింది. దక్కడం సబబే. సంస్థ లోపలే వాడుకునే కోడ్‌ను బయటపెట్టాలని కెర్నల్‌కు వర్తించే జీపీఎల్ రెండో వెర్షన్ లైసెన్సు నిర్బంధించదు. అయినా ముందుకొచ్చి పెట్టినవారిని గుమ్మంలోనే నిలిపేస్తే రేపు ఎవరూ రారు. నేను ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెప్పేవాణ్ని. కార్డు కొనలేకపోయినా ఆ కోడ్ చదివి నేర్చుకోవడానికి నా విద్యార్థులకు అడ్డేమీ లేదు.

అయితే మోత మాటా నిజమే. కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లు (దాని భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతులు) తరచూ మారుతుంటాయి, మార్చినవారే వాటిని వాడే డ్రైవర్లన్నిటినీ సరిచేయాలన్నది అక్కడి ఆనవాయితీ. మామూలు కార్డయితే అనుమానం వచ్చినప్పుడు కొని పరీక్షించవచ్చు. అమ్మకంలో లేని కార్డు విషయంలో కోడ్ కంపైల్ అయిందో లేదో, అంటే యంత్రభాషలోకి మారిందో లేదో, చూడటం వరకే వారి చేతిలో ఉంటుంది.

అలాంటి డ్రైవర్లను 2008లో మొదలైన స్టేజింగ్ డైరెక్టరీలోకి నెట్టడం పరిష్కారం కాదు. అది ఇంకా కుదురుకోని కోడ్‌కు ఏర్పరచిన చోటు. చక్కగా రాసిన డ్రైవర్‌ను, పరికరం దొరకదన్న కారణంతో అక్కడ ఉంచడం అన్యాయం.

కెర్నల్‌లో ఏ భాగాన్ని ఎవరు చూసుకుంటారో రాసే మెయింటెయినర్స్ ఫైల్లో ఇప్పటికే, జీతం తీసుకుని చూసుకునేవారున్న కోడ్‌కు ‘సపోర్టెడ్’ అని, దిక్కులేనిదానికి ‘ఆర్ఫన్’ అని స్థితి రాస్తారు. దాని పక్కనే ఆ పరికరం అమ్మకంలో ఉందా, క్లౌడ్‌లో అద్దెకు దొరుకుతుందా, ఒక సంస్థ గోడల మధ్యే ఉందా అన్నది కూడా రాయాలి. అమెజాన్ ఈఎన్‌ఏ, గూగుల్ జీవీఈ డ్రైవర్లు వాడే నెట్‌వర్క్ కార్డులను మనం దుకాణంలో కొనలేకపోయినా, క్లౌడ్ మెషీన్‌ను గంటల లెక్కన అద్దెకు తీసుకుని పరీక్షించగలం. కాబట్టి వాటిని సంస్థ గోడల మధ్యే ఉండే మూడో తరగతిలో కలపకూడదు. ఆ మూడో తరగతి డ్రైవర్లకు మాత్రం, సంస్థే తన మెషీన్లపై జరిపిన పరీక్షల ఫలితాలను క్రమం తప్పకుండా బహిరంగంగా ఉంచాలి. ఆ ఒక్క కార్డు కోసం కెర్నల్ ఉమ్మడి భాగంలో మార్పు అడిగితే, బయట దొరికే మరో పరికరానికీ అది పనికొస్తుందని చూపాలి. ఫలితాలు రావడం ఆగిపోతే, ఒక వెర్షన్ ముందుగా హెచ్చరించి డ్రైవర్‌ను తొలగించే హక్కు మెయింటెయినర్లకు ఉండాలి. పాత కార్డుల డ్రైవర్లను తీసేసేటప్పుడు ఎక్కడో ఎవరి కంప్యూటరో ఆగిపోతుందేమోనన్న భయం ఉంటుంది. ఇక్కడ కార్డు ఆ సంస్థ దగ్గర మాత్రమే ఉంటుంది కాబట్టి ఆ భయానికి తావు లేదు.

ఇట్లు,
ఒక కంప్యూటర్ అధ్యాపకుడు,
హనుమకొండ