వెనుక నిలబడి చూడు

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు అడిగిన ప్రశ్న నా బుర్రలోనే తిరుగుతోంది. "ఓడలను నెట్టే ప్రొపెల్లర్లు ఇన్ని రకాలు ఉన్నాయి కదా నాన్నా, వాటిలో ఏది మంచిది?" అన్నావు. నేను నోరు తెరిచేలోపు లైను తెగిపోయింది. తెగిపోవడమే మేలైంది. హడావిడిలో రెండు ముక్కలు చెప్పి ఉంటే అవి తప్పుడు ముక్కలై ఉండేవి. "ఏది మంచిది" అని కాకుండా "ఈ ఓడ రోజంతా చేసే పని ఏమిటి" అని అడిగితేనే ఈ విషయంలో దారి దొరుకుతుంది. వచ్చే నెల నువ్వు జూనియర్ ఇంజనీరుగా ఎక్కబోయే ఓడకు ఉన్నది పిచ్ మార్చుకునే ప్రొపెల్లర్. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం స్థిర పిచ్ ఓడల మీదే గడిచింది. ఆ తేడా పుస్తకంలో ఒక్క వాక్యమే కానీ, ఇంజిన్ రూములోకి దిగితే పనంతా మారిపోతుంది. అందుకే తీరుబడిగా కూర్చుని రాస్తున్నాను.

ముందు పిచ్ అంటే ఏమిటో మనసులో గట్టిగా కూర్చోవాలి. ప్రొపెల్లర్‌ను ఇప్పటికీ స్క్రూ అనేవాళ్లున్నారు. మరమేకును ఒక చుట్టు తిప్పితే చెక్కలోకి ఎంత దిగుతుందో అదే దాని పిచ్. ఆరు మీటర్ల పిచ్ ఉన్న ప్రొపెల్లర్ నిమిషానికి 100 చుట్లు తిరిగితే గంటకు 36,000 మీటర్లు ముందుకు పోవాలి. అంటే 19.4 నాట్లు (గంటకు 1,852 మీటర్లు నడిస్తే ఒక నాటు). కానీ నీరు చెక్కలా గట్టిగా పట్టు ఇవ్వదు, జారిపోతుంది. ఓడ నిజానికి 18 నాట్లే నడిచిందనుకో, తగ్గిన ఆ ఏడు శాతం పైచిలుకును స్లిప్ అంటారు. ప్రతి మధ్యాహ్నం ఓడలో ఈ లెక్క వేస్తారు. దాన్ని రిపోర్టులో నింపవలసిన గడిగా మాత్రం చూడకు. వాతావరణం బాగుండి కూడా స్లిప్ వారం వారం పెరుగుతోందంటే ఓడ అడుగున నాచు, గవ్వలు పట్టాయనో, రెక్కలు గరుకెక్కాయనో అర్థం. నీటి కింద ఉన్నదాని ఆరోగ్యం పైనున్న మనకు రోజూ చెప్పే అంకె అది.

ఈ మరమేకు పోలికను నమ్మే తొలినాళ్లలో ఒక పెద్ద పొరపాటు జరిగింది. ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ 1836లో స్క్రూకు పేటెంటు తీసుకున్నాడు. అదే ఏడాది జాన్ ఎరిక్సన్ కూడా తీసుకున్నాడు. స్మిత్ చేసినది చెక్క స్క్రూ, దానికి రెండు పూర్తి చుట్లు. 1837లో కాలువలో ఆ పడవను నడుపుతుండగా స్క్రూ దేనికో తగిలి సగం విరిగిపోయింది. పడవ ఆగలేదు సరికదా, ముందుకన్నా వేగంగా పోయింది! నాకు చాలా ఇష్టమైన సంఘటన ఇది. చుట్లు ఎక్కువైతే పట్టు ఎక్కువవుతుందని వాళ్లు అనుకున్నారు. నిజానికి పెరిగింది రాపిడి. నీటిని చిలకడం వేరు, నెట్టడం వేరు. కవ్వం కూడా తిరుగుతుంది, కానీ కుండను ఎక్కడికీ తీసుకుపోదు. అప్పటినుంచి ఇప్పటివరకు వచ్చిన ప్రొపెల్లర్లన్నీ చిలకడం తగ్గించి నెట్టడం పెంచడానికి చేసిన ప్రయత్నాలే.

నెట్టడంలో ఒక కిటుకు ఉంది. కొంచెం నీటిని పట్టుకుని వేగంగా విసరడం కన్నా, ఎక్కువ నీటిని పట్టుకుని నెమ్మదిగా వెనక్కి తోయడం వల్ల ఇంధనం ఆదా అవుతుంది. అందుకే పెద్ద సరుకు ఓడలకు పెద్ద ప్రొపెల్లర్ పెట్టి మెల్లగా తిప్పుతారు. 2006లో వచ్చిన ఎమ్మా మెర్స్క్ కంటైనర్ ఓడ ప్రొపెల్లర్ వ్యాసం 9.6 మీటర్లు, బరువు సుమారు 130 టన్నులు, రెక్కలు ఆరు. అది నిమిషానికి తిరిగేది నూరు చుట్ల దగ్గరే. ఇంకా పెద్దది ఎందుకు పెట్టకూడదంటే, ఖాళీగా వెళ్లేటప్పుడు కూడా అది నీటిలో మునిగి ఉండాలి, రెక్కల కొసలకూ ఓడ అడుగుకూ మధ్య చోటు ఉండాలి.

రెక్కల సంఖ్య గురించి కూడా అడిగావు. తక్కువ రెక్కలుంటే సామర్థ్యం కొంచెం ఎక్కువ, అదురు కూడా ఎక్కువ. రెక్కలు పెరిగేకొద్దీ నెట్టుడు సమంగా పడుతుంది. అందుకే సరుకు ఓడలకు నాలుగు, అయిదు, ఆరు రెక్కలుంటే, చప్పుడే ప్రాణాంతకమైన జలాంతర్గాములకు చాలావాటికి ఏడు ఉంటాయి. అయితే ఇంజిన్ సిలిండర్ల అదురు, రెక్కల అదురు ఒకదానికొకటి తోడై ఓడ మొత్తం ఊగకుండా కూడా ఆ సంఖ్యను ఎంచుకుంటారు.

ఇక అసలు సంగతికి వస్తాను. స్థిర పిచ్ ప్రొపెల్లర్‌ను ఎక్కువగా నికెల్ అల్యూమినియం కంచుతో ఒకే ముక్కగా పోతపోస్తారు. అందులో కదిలే భాగం ఒక్కటీ లేదు, కాబట్టి మొరాయించే యంత్రాంగమూ లేదు. ఇరవై రోజులు ఒకే వేగంతో సముద్రం దాటే ఓడకు దాన్ని మించినది లేదని నా నమ్మకం. కానీ ఓడ వెనక్కి నడవాలంటే ఇంజినే ఆగి, ఎదురు దిశలో మళ్లీ స్టార్ట్ కావాలి. ప్రొపెల్లర్‌ను తిప్పే పొడవాటి ఇరుసుకు, అంటే షాఫ్టుకు, నేరుగా బిగించిన పెద్ద ఇంజిన్‌ను తిప్పేది పీడనంతో నింపిన గాలి. ఆ గాలి నిల్వ ఉండే సీసాలను మళ్లీ నింపకుండానే వరుసగా 12 స్టార్టులు ఇవ్వగలగాలని నిబంధన. రేవులోకి వెళ్లేటప్పుడు ఓడకు దారి చూపే పైలట్ ముందుకు, ఆపు, వెనక్కి, ఆపు అంటూ ఆర్డర్ల మీద ఆర్డర్లు ఇస్తుంటే నా కళ్లు ఆ గాలి గేజి మీదే ఉండేవి. ముల్లు దిగుతున్నకొద్దీ మా మాటలు తగ్గిపోయేవి.

నీ ఓడలో ఆ బెంగ ఉండదు. ఇంజిన్ ఒకే దిశలో, ఒకే వేగంతో తిరుగుతూనే ఉంటుంది. రెక్కలు విడివిడిగా నడుమ ఉండే దిమ్మకు, అంటే హబ్‌కు, బిగించి ఉంటాయి. బోలు షాఫ్టు గుండా వచ్చే హైడ్రాలిక్ ఆయిలు హబ్ లోపలి పిస్టన్‌ను కదిపితే రెక్కలన్నీ ఒకేసారి తమ ఇరుసుల మీద తిరుగుతాయి. ఓడను నడిపే గది, అంటే బ్రిడ్జి మీద లీవరు కాస్త కదిపితే చాలు, నిండు ముందు వేగం నుంచి వెనక నడక వరకు మధ్యలో ఎక్కడైనా నిలపవచ్చు. ఇంజిన్ వేగం మారదు కాబట్టి షాఫ్టుకే జనరేటర్ తగిలించి ఓడకు కరెంటు తీసుకోవచ్చు. గంటకోసారి రేవు పట్టే ఫెర్రీలకు, పెద్ద ఓడలను లాగే టగ్గులకు, చమురు బావుల దగ్గర గంటల తరబడి కదలకుండా నిలబడవలసిన ఓడలకు ఇది వరం. ఇందుకు చెల్లించే మూల్యమూ ఉంది. ఆ యంత్రాంగమంతా పట్టడానికి హబ్ లావెక్కుతుంది, సామర్థ్యం కొంత తగ్గుతుంది. రెక్కల మొదట్లో ఆయిలు కారకుండా ఆపే సీళ్లు అరిగితే ఆయిలు సముద్రంలోకి, ఉప్పునీరు ఆయిలులోకి. నీ వాచ్‌లో, అంటే నీ డ్యూటీ వంతులో, హైడ్రాలిక్ ట్యాంకు మట్టాన్ని నీ కళ్లతో చూసి రాసుకో. గత వాచ్ వాళ్లు రాసిన అంకెను నమ్మి వదిలేయకు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. సున్నా పిచ్ అంటే ప్రొపెల్లర్ ఆగిందని కాదు.

నేను నీ వయసులో కొన్నాళ్లు ఇలాంటి ఓడలో పనిచేశాను. రేవులో కట్టు తాళ్లు విప్పుతున్నాం. వెనుక వైపు తాడు ఒకటి నీళ్లలో పడింది. పిచ్ సున్నా మీద ఉంది, కంగారు లేదని ఎవరో అన్నారు. ఆ తాడు కొసను చేతికి చుట్టుకుని లాగుతున్న మనిషికి ఎందుకో అనుమానం వచ్చి వదిలేశాడు. మరుక్షణం తాడు బుస్సుమంటూ డెక్కు మీది నుంచి జారి నీళ్లలోకి మాయమైంది. గజ ఈతగాళ్లు దిగి దాన్ని కోసి తీయడానికి సాయంత్రం వరకు పట్టింది. ఆ తాడు నా చేతిలో లేదు, కానీ అది జారిన చప్పుడు ఇవాళ్టికీ నా చెవుల్లో ఉంది. ఎందుకలా జరిగిందో తర్వాత అర్థమైంది. రెక్క మొదటి నుంచి కొస వరకు మెలితిరిగి ఉంటుంది. మొత్తం నెట్టుడు సున్నా అయిన చోట కూడా రెక్కలో ఒక భాగం నీటిని ముందుకు, ఇంకో భాగం వెనక్కి తోస్తూనే ఉంటుంది. పైగా షాఫ్టు పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుంది. అది నిశ్చలత కాదు తల్లీ, సుడిగుండం. ఓడ వెనుక గజ ఈతగాడు దిగుతున్నాడని వింటే, పిచ్ ఎంత అని కాదు, షాఫ్టు ఆగిందా, మళ్లీ ఎవరూ తిప్పకుండా కట్టడి చేశారా అని అడుగు.

మిగతా రకాలు నువ్వు చదువుకున్నవే, నాకు తోచినంత చెబుతాను. ప్రొపెల్లర్ చుట్టూ గొట్టంలాంటి కవచం ఉంటుంది చూడు, కోర్ట్ నాజిల్, 1930ల నాటిది. ఆ కవచం కూడా విమానం రెక్కలాగే పనిచేసి అదనపు నెట్టుడు ఇస్తుంది. టగ్గు నెమ్మదిగా బరువు లాగేటప్పుడు దాని వల్ల బలం బాగా పెరుగుతుంది. ఓడ వేగం అందుకుంటే మాత్రం అదే కవచం అడ్డం పడుతుంది. ఒకే ఇరుసు మీద ఎదురెదురుగా తిరిగే జంట ప్రొపెల్లర్లలో ముందుది సుడి తిప్పి వృథా చేసిన శక్తిని వెనుకది పట్టుకుంటుంది. ఆలోచన గొప్పది, కానీ షాఫ్టులో షాఫ్టు, బేరింగులో బేరింగు. నడిసముద్రంలో దాన్ని బాగుచేసేవాడి చేతులు తలచుకుంటే నాకు గుబులే.

అజిమత్ రకంలో ప్రొపెల్లరే 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి చుక్కాని అక్కర్లేదు. దానిలోనే ఎలక్ట్రిక్ మోటారును కూడా నీటి కింది గుళికలాంటి పాడ్‌లో పెట్టి వేలాడదీస్తే అజిపాడ్. చాలా పాడ్లలో ప్రొపెల్లర్ ముందువైపు ఉండి ఓడను లాగుతుంది. షాఫ్టు, చుక్కాని అడ్డం లేని తేట నీరు దానికి అందుతుంది. మంచు సముద్రాల్లో వీటితో ఓడను వెనక్కి తిప్పి, వెనుక భాగంతోనే మంచు పగలగొట్టుకుంటూ పోయే ఓడలు కూడా వచ్చాయి. ఫాయిత్ ష్నైడర్ రకం చూస్తే అసలు ప్రొపెల్లర్ అనిపించదు. గుండ్రటి పళ్లెం అడుగున నిలువు కత్తుల్లా రెక్కలు, పళ్లెంతోపాటు తిరుగుతూ ప్రతి రెక్కా తన కోణం తాను మార్చుకుంటుంది. ఏ వైపు కావాలంటే ఆ వైపుకు క్షణంలో నెట్టగలదు. ఒకసారి అలాంటి టగ్గు మా ఓడను పక్కకు జరుపుతుంటే రెయిలింగు పట్టుకుని అరగంట చూస్తూ ఉండిపోయాను.

ఏ రకమైనా వదలని శత్రువు ఒకటుంది, క్యావిటేషన్. రెక్క వీపు మీద ఒత్తిడి బాగా పడిపోతే నీరు చల్లగా ఉండగానే మరిగి బుడగలవుతుంది. ఆ బుడగలు ఒత్తిడి ఉన్న చోటికి రాగానే ఒక్కసారిగా కుప్పకూలి లోహాన్ని కొరుకుతాయి. చార్లెస్ పార్సన్స్ 1894లో టర్బీనియా అనే చిన్న ఓడకు ఆవిరి టర్బైన్ పెట్టి, ఒకే ప్రొపెల్లర్‌ను విపరీతమైన వేగంతో తిప్పితే ఓడ 20 నాట్లు కూడా అందుకోలేదు. ప్రొపెల్లర్ నీటిలో కాక బుడగల్లో తిరుగుతోంది. ఆయన గాజు కిటికీ ఉన్న తొట్టె కట్టి, చిన్న నమూనాలు తిప్పి, బుడగలను కళ్లారా చూశాడు. ఆపైన మూడు షాఫ్టులకు మూడేసి చొప్పున తొమ్మిది ప్రొపెల్లర్లు పెట్టాడు. 1897లో టర్బీనియా 34 నాట్లు దాటింది.

నువ్వు చుక్కానిని తిప్పే యంత్రాలుండే స్టీరింగ్ గేర్ గదిలోకి వెళ్లినప్పుడు ఊరికే ఒక నిమిషం నిలబడి విను. అడుగున ఎవరో గులకరాళ్లు పోస్తున్నట్లు వినిపిస్తే అది క్యావిటేషనే. ఎనిమిది మీటర్ల ప్రొపెల్లర్ నిమిషానికి నూరు చుట్లు తిరిగితే రెక్క కొస వేగం గంటకు 150 కిలోమీటర్లు. ఓడ వెనుక నీరు అన్ని చోట్లా ఒకేలా పారదు. రెక్క పైకి వచ్చిన ప్రతిసారీ నెమ్మది నీటిలో ఒక్కసారిగా దూరుతుంది. అందుకే ఇప్పటి రెక్కలను కొడవలిలా వెనక్కి వంచుతారు. అంచు మొత్తం ఒకేసారి కాక, కొంచెం కొంచెంగా ఆ నీటిలోకి వెళ్తుంది.

చివరగా నీకో పని. ఓడ ఇంకా నీళ్లు తోడేసి మరమ్మతు చేసే డ్రైడాక్‌లోనే ఉందన్నావు. ఆ అవకాశం మళ్లీ చాలా కాలానికి కానీ రాదు. డ్రాయింగు చూడకముందే కిందికి దిగి, వెనుక నిలబడి, ప్రొపెల్లర్ కుడి చేతిదో ఎడమ చేతిదో చెప్పు. వెనుక నుంచి చూస్తే, ఓడ ముందుకు పోయేటప్పుడు గడియారం ముల్లులా తిరిగేది కుడి చేతిది. స్థిర పిచ్ కుడి చేతి ఓడను వెనక్కి నడిపితే ప్రొపెల్లర్ ఎదురు తిరిగి, వెనుక భాగం పోర్టు (ఎడమ) వైపుకు లాగుతుంది. కెప్టెన్లు ఆ అలవాటుతోనే ఓడను గట్టుకు చేరుస్తారు. నీ ఓడలో షాఫ్టు ఎప్పుడూ దిశ మార్చదు. అది కుడి చేతిదే అయితే వెనక్కి నడిపినప్పుడు స్టార్‌బోర్డు (కుడి) వైపుకు లాగి వాళ్లను తికమక పెడుతుంది. అందుకని ఈ రకాన్ని చాలాసార్లు ఎడమ చేతిదిగానే తయారుచేస్తారు.

పైన ఉన్న రెక్క కుడి అంచు నీకు దూరంగా, ఓడ వైపుకు వంగి ఉంటే కుడి చేతిది అనేది మామూలు గుర్తు. కానీ నీ ఓడలో రెక్కలను వెనక నడక పిచ్‌లో ఆపి ఉంటే ఆ గుర్తు తలకిందులవుతుంది. కాబట్టి ముందు అంచు ఏదో వెతుకు. అది గుండ్రంగా ఉంటుంది, వెనుక అంచు పలచగా ఉంటుంది. రెక్క కొస ఒంగేది కూడా వెనుక అంచు వైపుకే. చేతి తొడుగు తీసి రెండు అంచులనూ నెమ్మదిగా తడిమి చూడు. తేల్చుకున్నాక డ్రాయింగు తెరువు. నీ లెక్క సరిపోయిందో లేదో, రెక్కలు ఎన్నో, కొసల దగ్గర గుంటలేమైనా కనిపించాయో రాయి. ఎదురుచూస్తుంటాను.

ప్రేమతో,
నాన్న