రాత్రి పదింటికి తలుపు కొట్టేది అందుకే

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో ఒక చిన్న వార్త చూశాను. మా వైపు పల్లెల్లో ఆరోగ్య శాఖ వాళ్ళు బోదకాలు సర్వే అంటూ రాత్రి పది దాటాక తలుపులు కొట్టి రక్తం తీస్తున్నారని, నిద్ర చెడి జనం విసుక్కుంటున్నారని, ఆ వచ్చేదేదో పగలే రావచ్చు కదా అని అడుగుతున్నారని రాశారు. అడిగిన మాట నిజమే, మా వీధిలోనూ అడిగారు. "మాకేం రోగం లేదండి బాబూ, పొద్దున్న రండి" అని మా ఎదురింటాయన సర్వేకొచ్చిన అమ్మాయిని కిటికీలోంచే పంపించేశాడు. వార్త వేసినందుకు నాకు బాధ లేదు. జనం అడిగిన ప్రశ్న అచ్చు వేసి, దానికి జవాబు వేయకుండా వదిలేశారే, అదీ బాధ. రెండు లైన్లలో అయిపోయే జవాబు.

పగలు వస్తే పురుగు దొరకదు. అంతే.

కొంచెం వివరంగా చెబుతాను, ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పిన అలవాటు, ఊరుకోలేను. బోదకాలు తెచ్చే తల్లిపురుగులు దారపు పోగుల్లా ఉండి మన శోషరస నాళాల్లో, అంటే డాక్టర్లు లింఫ్ అంటారే, ఆ గొట్టాల్లో ఆరు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతాయి. అవి లక్షల్లో కనే పిల్లపురుగులు రక్తంలోకి వస్తాయి. మన దగ్గరున్న రకం పిల్లపురుగు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి పది నుంచి రెండింటి మధ్య చర్మం కిందికి బాగా వస్తుంది. ఎందుకంటే దాన్ని మోసుకెళ్ళే క్యూలెక్స్ దోమ కుట్టేది ఆ వేళలోనే. పురుగుకి ఆ టైము ఎవరు నేర్పారో గానీ మన బస్సుల కంటే నయం.

దోమకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు 1877లో చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తూ కనిపెట్టాడు. మలేరియా దోమ సంగతి రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో తేల్చింది 1897లో, అంటే అప్పటికి ఇంకా ఇరవై ఏళ్ళుంది. ఇంత చేసిన మాన్సన్ కూడా ఆ దోమ నీళ్ళలో పడి చస్తే ఆ నీళ్ళు తాగి మనిషికి జబ్బు అంటుకుంటుందనే అనుకున్నాడు చాలా కాలం. కాబట్టి మా ఎదురింటాయనకి తెలియకపోవడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు వేలు గుచ్చి ఒక చుక్క తీస్తే పది నిమిషాల్లో ఫలితం చెప్పే స్ట్రిప్పులు వచ్చాయి కదా, వాటికి పగలైనా పర్లేదట కదా అని మొన్న ఒక కుర్రాడు అడిగాడు. తెలివైన ప్రశ్న. స్ట్రిప్పు చెప్పేది ఒంట్లో తల్లిపురుగు జాడ ఉందా లేదా అని. ఆ మనిషి నుంచి దోమ ద్వారా పక్కింటికి పోయే పిల్లపురుగులు రక్తంలో తిరుగుతున్నాయా అనేది తేలాలంటే రాత్రి రక్తం గాజు పలక మీద పూసి మైక్రోస్కోపులో చూడాల్సిందే. పైకి ఏ వాపూ లేనివాళ్ళ రక్తంలో కూడా అవి ఉంటాయి. "మాకేం రోగం లేదు" అనే ఇంట్లో చూడాల్సిందీ అందుకే.

ఇక మాత్రల సంగతి. ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. 2004 నుంచి ఏటా డీఈసీ అనే బోదకాలు మాత్రలు, తర్వాత వాటితో పాటు ఆల్బెండజోల్ అనే నులిపురుగుల మాత్ర కూడా, ఇంటింటికీ పంచే కార్యక్రమం మొదలుపెట్టారు. ఆ మాత్రలు మా ఇంట్లో చాలా ఏళ్ళు టీవీ వెనకే ఉండేవి. వేసుకుంటే జ్వరం వస్తుందట, తల తిరుగుతుందట అని మా ఆవిడ భయం, నా బద్ధకం. ఆ డీఈసీని అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో కనిపెట్టించింది మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1947లో ఆ మందు బయటికి వచ్చింది, ఆ మరుసటేడు ఆయన పోయారు. ఈ పాఠం పొద్దున్న క్లాసులో చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి ఆయన మాత్ర టీవీ వెనక పెట్టినవాణ్ణి నేను. మా ఊరి ఆశా వర్కరు ఎన్నిసార్లు అడిగిందో, "వేసుకున్నామమ్మా" అని అబద్ధం కూడా చెప్పాను.

ఆ జ్వరం ఎందుకొస్తుందో అప్పుడు నాకెవరూ చెప్పలేదు, చెబితే వేసుకునేవాణ్ణే. మందు పడగానే రక్తంలో ఉన్న పిల్లపురుగులు ఒక్కసారిగా చస్తాయి, ఆ చచ్చిన పురుగుల మీద ఒళ్ళు తిరగబడుతుంది, అదే జ్వరం, తలనొప్పి. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఈ రెండు మందులకి ఐవర్‌మెక్టిన్ అనే ఇంకో పురుగుల మందు కూడా కలిపి మూడు మందులు ఇస్తే ప్రమాదమా అని ఐదు దేశాల్లో 26 వేల మందికి పైగా చూశారు, అందులో మన దేశం నుంచి తెలంగాణ సరిహద్దున ఉన్న కర్ణాటక జిల్లా యాద్గిర్ కూడా ఉంది. రెండు మందులకీ మూడింటికీ ఇబ్బందుల్లో పెద్ద తేడా లేదు. ఎక్కువ ఇబ్బంది పడింది రక్తంలో పురుగు ఉన్నవాళ్ళే. మన పేపర్లలో మాత్రం "మాత్రలు మింగి అస్వస్థత" అని హెడ్డింగు ఒక్కటే పెద్దక్షరాల్లో వస్తుంది. పరగడుపున వేసుకోకూడదు, రెండేళ్ళ లోపు పిల్లలకీ గర్భిణులకీ బాగా జబ్బుతో ఉన్నవాళ్ళకీ ఇవ్వరు అనే మాటలు ఆ వార్త కిందైనా వెయ్యొచ్చు కదండీ.

ఆ మూడు మందుల సంగతి నిజంగా గొప్పది. పాపువా న్యూ గినీలో 182 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. మూడు మందులూ ఒక్కసారి వేసుకున్నవాళ్ళలో ఏడాది తర్వాత నూటికి 96 మంది రక్తంలో పిల్లపురుగు లేదు. రెండు మందులే వేసుకుంటే నూటికి 32 మందికే అలా ఉంది. పాత రెండు మందులూ పిల్లపురుగుల్ని చంపినా తల్లిపురుగు మళ్ళీ కంటుంది, అందుకే ఏటా వేసుకోమంటారు. మూడు కలిస్తే తల్లిపురుగు కనడమే చాలాకాలం ఆగిపోతుంది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫారసు చేసింది, మన దేశంలో 2018 చివర్లో బీహార్‌లోని అర్వల్ జిల్లాలో మొదలుపెట్టారు.

దోమ గురించి ఒక్క మాట. ఫ్రైడే డ్రై డే అని తొట్లు ఒలకబోయిస్తారు, మంచిదే, అది డెంగీ దోమకి. బోదకాలు దోమ పెరిగేది మురుగులో, సెప్టిక్ ట్యాంకుల్లో. ఎండాకాలం కాలువలు కట్టేశాక మా ఊరి మురుగు కోడు కదలదు, పైన గుర్రపుడెక్క. తొట్టి ఎంత కడిగినా కోడు సంగతి కోడుదే.

అన్నిటికంటే నాకు ముఖ్యమైనది ఇప్పటికే కాలు వాచినవాళ్ళు. మా అమ్మకి ఎడమ కాలు. నాకు ఊహ తెలిసేటప్పటికే వాపు ఉంది. ఏడాదికి మూడు నాలుగు సార్లు గజ్జల్లో బిళ్ళ కట్టి, చలిజ్వరంతో వణికిపోయి, కాలు ఎర్రగా కాలిపోయేది. వంకాయ తిన్నందుకని ఒకరు, గోంగూర తిన్నందుకని ఒకరు, పాపం ఆవిడ ఒక్కొక్కటీ మానేసుకుంటూ వచ్చింది. పెళ్ళిళ్ళలో కాలు చీర కుచ్చిళ్ళ కింద దాచుకుని గోడ వారన కూర్చునేది. అసలు సంగతి ఏమిటంటే ఊడ్పుల రోజుల్లో బురదలో నాని వేళ్ళ సందులు తెల్లగా ఒరిసిపోతే, ఆ చీలికల్లోంచి మామూలు బ్యాక్టీరియా లోపలికి పోయి ఆ జ్వరాలు వస్తాయి, ప్రతి జ్వరానికీ వాపు ఇంకాస్త ముదురుతుంది. వంకాయకి ఏ పాపమూ తెలియదు.

డాక్సీసైక్లిన్ అనే మందుతో ఈ వాపు తగ్గుతుందేమోనని ఈమధ్య మన దేశంతో సహా కొన్ని చోట్ల పరీక్షించారు. మందు వేసుకున్నవాళ్ళకీ వేసుకోనివాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ ఇద్దరికీ రోజూ కాలు కడుక్కోవడం నేర్పారు, కడుక్కున్న ఇద్దరికీ జ్వరాలు తగ్గాయి. సబ్బు, చల్లనీళ్ళు, వేళ్ళ సందులు మెల్లగా కడిగి మెత్తటి గుడ్డతో తడి లేకుండా అద్దడం, పగుళ్ళకి డాక్టరు ఇచ్చిన మందు రాయడం, కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టడం. ఇదంతా అమ్మ పోయాక తెలిసింది నాకు. ఇదే జబ్బుతో వచ్చే వరిబీజం అయితే ఆపరేషన్‌తో నయమవుతుంది, సిగ్గుపడి దాచుకునేవాళ్ళు మా ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు.

కాబట్టి మీరు ఆ వార్త వేసిన పేజీలోనే, అంత చోటే చాలు, రాత్రి ఎందుకొస్తారు, జ్వరం ఎందుకొస్తుంది, కాలు ఎలా కడుక్కోవాలి, ఈ మూడూ ఒక బాక్సు కట్టి వెయ్యండి. మాత్రలు పంచే ముందురోజు వేస్తే ఇంకా మంచిది, పంచాక కాదు.

ఇదంతా మా ఎదురింటాయనకీ చెప్పాను. అంతా విని, "మరి ఈ ముక్క ఆ అమ్మాయి ఆ రోజే చెప్పొచ్చు కదండి మాస్టారూ" అన్నాడు. చెప్పబోయిందండి, ఆయనే కిటికీ వేసేశాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు,
భీమవరం దగ్గర పల్లె నుంచి