పెద్దపిల్లాణ్ణి లిఫ్ట్ దగ్గరే ఆపేస్తే ఎట్లా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఫ్యామిలీ పేజీలో, ఇంట్లో రెండో బిడ్డ పుట్టబోతుంటే పెద్దపిల్లల్ని ఎట్లా రెడీ చేయాలో రాశారు. నాలుగు రోజులు ఊరుకున్నాను గానీ మనసాగక ఇవాళ కూర్చొని రాస్తున్నా. రాసినవన్నీ మంచి మాటలే, నేనేం కాదనను. కానీ పుట్టగానే పెద్దవాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లి చూపించమన్నారు, ఆ టైములో చిన్నది ఉయ్యాల్లో ఉండాలి, తల్లి చేతులు పెద్దవాడి కోసం ఖాళీగా ఉండాలి అన్నారు చూడండి, అక్కడే నాకు కడుపు రగిలింది. అసలు లోపలికి రానిస్తే కదండీ చూపించేది?

మా అమ్మాయికి శివరాత్రి అయిన వారానికి రెండో కాన్పయింది. పెద్దవాడికి నాలుగున్నరేళ్లు. బతుకమ్మ అప్పుడే వాడికి చెప్పాం. నెలలంటే వాడికేం తెలుస్తుంది, అందుకని పండగలతో లెక్క చెప్పాం, దీపావళి టపాసులు అయిపోవాలి, సంక్రాంతికి గాలిపటాలు ఎగరేయాలి, శివరాత్రికి గుడికి పోయి రావాలి, అప్పుడు చెల్లో తమ్ముడో వస్తారు అని. వాడి పక్క నా గదిలోకి జనవరిలోనే మార్చేశాం, చిన్నది వచ్చాక మారిస్తే దాని వల్లే తనని బయటికి పంపారనుకుంటాడని. స్కూలు మార్చే ఆలోచన కూడా ఈ ఏడాదికి మానుకున్నాం. రోజూ రాత్రి వాళ్లమ్మ పొట్ట మీద చెయ్యేసి "తన్నింది అమ్మమ్మా, నన్నే తన్నింది" అని మురిసిపోయేవాడు. తన కార్లలో అన్నిటికన్నా ఇష్టమైన ఎర్ర కారుని మీ పేపర్ పిల్లల పేజీలోనే చుట్టి నాలుగు రబ్బరు బ్యాండ్లేసి చెల్లికిస్తా అని దాచుకున్నాడు.

తీరా ఆస్పత్రికి వెళ్తే లిఫ్ట్ పక్కన బోర్డు, 12 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశం లేదు అని. బతిమాలాను. రెండు నిమిషాలు, తలుపు దగ్గర నిలబడి చూసి వచ్చేస్తాడన్నాను. సెక్యూరిటీ అబ్బాయి "రూల్ అమ్మా, మేడమ్ తిడ్తది" అన్నాడు, పాపం అతన్ని అనడానికి లేదు. మా వాడు ఆ పొట్లం పట్టుకొని కింద పార్కింగ్‌లో జనరేటర్ పక్కన ఇనుప బెంచీ మీద కూర్చొని పైకి చూస్తూ, అమ్మది ఏ కిటికీ, ఏ కిటికీ అని ఒకటే అడగడం. వెనకవైపు రూమ్ అని తెలిసి కూడా మూడో అంతస్తులో ఒక కిటికీ చూపించాను, చెయ్యి ఊపాడు. వీడియో కాల్ చేస్తే ముందు వాడికి కనపడింది వాళ్లమ్మ చేతికున్న సూదీ టేపూ, ఫోన్ విసిరేసి ఏడుపు లంకించుకున్నాడు.

ఇట్లా నాలుగు రోజులు, ఎందుకంటే ఆపరేషన్. మామూలు కాన్పయితే ఒకటి రెండు రోజుల్లో ఇంటికొచ్చేస్తారు. కేంద్రం వాళ్ల 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో చూస్తే తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేటులో అయితే 81.5, దేశం మొత్తం చూస్తే 21.5. అన్ని ఆపరేషన్లు ఎందుకవుతున్నాయన్నది వేరే పంచాయితీ, దాని మీద ఇంకో లెటర్ రాయాలి. నేననేది ఏంటంటే, ఇన్ని ఆపరేషన్లయ్యే ఊళ్లో పెద్దపిల్లలు మూడు నాలుగు రోజులు తల్లి మొహం చూడకుండా ఉండటం ఒక్క మా ఇంటి కథ కాదు, పైగా ఇంటికొచ్చాక కూడా కుట్లున్నాయని ఆరు వారాల దాకా తల్లి వాణ్ణి ఎత్తుకోకూడదు.

ఇన్‌ఫెక్షన్ అంటారు. నాకూ తెలుసు, పసిగుడ్డుకి జలుబు అంటుకుంటే ప్రమాదమే, ముక్కు కారే పిల్లాణ్ణో జ్వరమొచ్చిన పిల్లాణ్ణో ఆపండి, ఫ్లూ తిరిగే రోజుల్లో అందర్నీ ఆపినా సరే అంటాను. మరి అదే లిఫ్ట్‌లో దగ్గుకుంటూ వచ్చిన చుట్టాన్ని ఎవరూ ఆపలేదే! చెప్పులేసుకొని స్వీట్ బాక్సులతో నలుగురొచ్చి పాప బుగ్గలు గిల్లి పోయారు, చేతులు కడుక్కోమన్న నాథుడు లేడు. టీకాలన్నీ వేయించుకొని చేతులు సబ్బుతో కడుక్కొని నిలబడ్డ సొంత అన్నకి మాత్రం రూల్.

రూళ్లు మారవా అంటే మారతాయి. ఒకప్పుడు కాన్పు గదిలోకి కన్నతల్లిని కూడా రానిచ్చేవాళ్లు కాదు, నా రెండు కాన్పులూ అట్లా భయపడుకుంటూ ఒంటరిగా అయినవే. 2016లో కేంద్రమే ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పప్పుడు పక్కన ఒక ఆడతోడుని ఉండనివ్వమంది. పెద్దపిల్లల సంగతి కూడా ఎవరో ఒకరు కూర్చొని ఆలోచిస్తే అవుతుంది, ఆలోచించే తీరిక ఎవరికుంది?

ఇంక మనవాళ్ల నోళ్లు. ఆ సెక్యూరిటీ అబ్బాయే నవ్వుతూ "చెల్లెలొచ్చింది గదరా, ఇంగ నిన్నెవరు చూస్తరు" అన్నాడు, పక్కింటావిడ అదే మాట, చుట్టాలూ అదే మాట, వాళ్లకది సరదా. వాడికి కాదు. ఐదు నెలలు మేం చెప్పినదంతా ఆ ఒక్క మాటతో పోయింది. డిస్చార్జ్ అయి వాళ్లమ్మ పాపని ఒళ్లో పెట్టుకొని కారు దిగితే, మా వాడు ఫ్రిడ్జ్ వెనక దూరి గంటసేపు బయటికి రాలేదు. రెండేళ్ల క్రితం మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. దయచేసి ఎవరింట్లోనూ ఆ మాట పిల్లల ముందు అనకండి.

అప్పుడు తండ్రి ఇంట్లో ఉంటే పెద్దవాడు ఆయన్ని పట్టుకొని తేరుకుంటాడు. మా అల్లుడు ప్రైవేటు ఉద్యోగి, దొరికింది మూడు రోజులు, అదీ సొంత లీవుల్లోంచే, మేనేజర్ "రెండోదే కదా" అన్నాడట. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి రెండో బిడ్డకి కూడా 15 రోజుల పితృత్వ సెలవుంది, ప్రైవేటు వాళ్లకి చట్టమే లేదు. తల్లులకి 2017లో 26 వారాలు చేశారు, సంతోషం, మరి తండ్రుల సంగతి? నా చిన్నప్పుడు గోడలనిండా ఇద్దరు చాలని రాశారు, ఇప్పుడు నాయకులు మైకు పట్టుకొని ఎక్కువమందిని కనమంటున్నారు, ఆంధ్రాలో అయితే ఇద్దరికన్నా ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధన కూడా 2024లో తీసేశారు. కనమని చెప్పేవాళ్లు ఒక్కసారి ప్రసూతి ఆస్పత్రి పార్కింగ్‌లో సాయంత్రం పూట నిలబడి చూడండి, ఎంతమంది చిన్నపిల్లలు అమ్మ కోసం పైకి చూస్తూ కూర్చుంటారో.

నేనడిగేది పెద్ద ఖర్చు పని కాదు. సాయంత్రం నాలుగు నుంచి నాలుగున్నర దాకా పెద్దపిల్లల టైమ్ అని పెట్టండి, ఇంట్లో పిల్లలు మాత్రమే, ఒక నర్సు జ్వరం చూసి చేతులు కడిగించి పంపాలి, జనరల్ వార్డులో కుదరకపోతే తల్లి నడవగలిగిన రోజున వరండాలో ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టండి, వాడు వచ్చి పక్కన కూర్చుంటాడు. ఆరోగ్యశాఖ వాళ్లు ప్రభుత్వాసుపత్రులకీ ప్రైవేటుకీ కలిపి ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. మీ పేపర్ కూడా సలహాల పేజీతో ఊరుకోకుండా, ఊళ్లో ఏ ఆస్పత్రి పెద్దపిల్లల్ని లోపలికి రానిస్తుందో కనుక్కొని ఆ లిస్టు వేయండి.

– ఒక అమ్మమ్మ, సఫిల్‌గూడ, హైదరాబాద్